వైశాఖంలో నడినెత్తికి వచ్చే గెలాక్సీ

శ్రోతలకు నమస్కారం.

మన విశాఖపట్నంలో ఆకాశాన్ని శ్రద్ధగా చూసినవాళ్లు ఎప్పటినుంచో ఉన్నారు. 1840లో గోడే వెంకట జగ్గారావుగారు సొంత ఖర్చుతో ఇక్కడ అబ్జర్వేటరీ పెట్టారు. ఆయన తర్వాత అల్లుడు అంకితం వెంకట నరసింగరావుగారు దాన్ని నడిపించి, 1874లో శుక్రుడు సూర్యబింబం మీదుగా దాటడాన్ని పరిశీలించారు. టెలిస్కోపులో మసకగా కనబడే మచ్చలు కొన్ని మన పాలపుంత లాంటి వేరే గెలాక్సీలేనని వాళ్ల కాలానికి ఎవరికీ రూఢిగా తెలియదు. ఆ సంగతి 1920లలో గానీ తేలలేదు.

అలాంటి మచ్చల్లో ఒకటి ఎం87. 1781లో ఫ్రెంచి ఖగోళ శాస్త్రజ్ఞుడు షార్ల్ మెస్సియే తన జాబితాలో 87వ నంబరు ఇచ్చాడు కాబట్టి ఆ పేరు. మనకు సుమారు 5.5 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. దీన్ని దీర్ఘవృత్తాకార గెలాక్సీ అంటారు. పాలపుంతకు ఉన్నట్టు చుట్టలు తిరిగిన చేతులు దీనికి లేవు. చిన్నాపెద్దా గెలాక్సీలు ఎన్నో వచ్చి కలిసిపోగా ఇంత పెద్దదైందని శాస్త్రజ్ఞుల అభిప్రాయం. ఇందులోని నక్షత్రాలు చాలావరకు ముసలివి, ఎర్రటి ఛాయవి. కొత్తవి పుట్టడం బాగా అరుదు.

ఎందుకు పుట్టవు? నన్ను ఎక్కువగా ఆకట్టుకునేది ఈ ప్రశ్నే. ముడిసరుకు లేక కాదు. గెలాక్సీ లోపలా చుట్టూరా బోలెడంత వాయువు ఉంది, కానీ కోట్ల డిగ్రీల వేడిలో ఉంది. ఎక్స్ కిరణాలు వెలువరిస్తూ అది వేడి పోగొట్టుకుంటోంది. లెక్క ప్రకారం, మధ్యలో దట్టంగా ఉన్న వాయువు ఈపాటికి చల్లబడి, ముద్దకట్టి, నక్షత్రాలు కావాలి. కావడం లేదంటే, పోయిన వేడిని ఎవరో మళ్లీ నింపుతున్నారన్నమాట. పొయ్యి మీద కాగుతున్న పాలు తోడుకోవు కదా! ఆ పొయ్యి నడిమధ్యలో ఉన్న బ్లాక్ హోల్.

బ్లాక్ హోల్ అంటే అన్నిటినీ మింగేసేదనే మనకు తెలుసు. నిజానికి దాని వైపు జారే వాయువంతా లోపలికి పోదు. గిర్రున తిరుగుతూ విపరీతంగా వేడెక్కుతుంది. అందులో కొంత, అయస్కాంత క్షేత్రాల బలంతో, సన్నటి ధారగా కాంతివేగానికి దగ్గరి వేగంతో బయటికి చిమ్ముతుంది. ఎం87లో ఆ ధారను 1918లోనే అమెరికన్ శాస్త్రజ్ఞుడు హీబర్ కర్టిస్ ఫొటో పలక మీద చూశాడు. గెలాక్సీ మధ్య నుంచి తిన్నగా ఒక గీత! అదేమిటో ఆయనకు అంతుపట్టలేదు గానీ, చూసింది చూసినట్టు రాసిపెట్టాడు. ఆ గీత పొడవు వేల కాంతి సంవత్సరాలని ఇప్పుడు మనకు తెలుసు. అలాంటి ధారలు వేడి వాయువును నెట్టి, బుడగలు లేపి, అలలు పుట్టిస్తాయి. ఆ బుడగలను మన సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్ పేరు పెట్టుకుని 1999లో అంతరిక్షంలోకి వెళ్లిన చంద్ర ఎక్స్‌రే టెలిస్కోపు చక్కగా చూపించింది.

ఈ బ్లాక్ హోల్ బరువు సుమారు 650 కోట్ల సూర్యులంత. పాలపుంత మధ్య ఉన్నదాని బరువు 40 లక్షల సూర్యులకు కాస్త ఎక్కువ, అంతే. మరి సైజు? ఈ చివర నుంచి ఆ చివరకు వెళ్లాలంటే కాంతికి పట్టేంత సమయం లెక్కేస్తే ఒకటిన్నర రోజు. గెలాక్సీని దాటాలంటే లక్ష ఏళ్లు దాటిపోతాయి. అంత చిన్నది ఇంత పెద్ద గెలాక్సీలో నక్షత్రాలు పుట్టాలా వద్దా అన్నది శాసిస్తోంది. ఎన్నిసార్లు తలచుకున్నా నాకు ఒళ్లు జలదరిస్తుంది.

2017 ఏప్రిల్‌లో వేర్వేరు ఖండాల్లోని రేడియో టెలిస్కోపులు ఒకేసారి దానివైపు గురిపెట్టాయి. డేటా ఎంత వచ్చిందంటే, ఇంటర్నెట్‌లో పంపడం కుదరక హార్డ్ డిస్కులను విమానాల్లో తరలించారు. 2019 ఏప్రిల్ 10న ఫొటో విడుదలైంది. వెలుగు వలయం, మధ్యలో నల్లటి నీడ. బ్లాక్ హోల్ నీడను మనుషులు చూడటం అదే మొదలు.

ఎం87 మన ఊరి నుంచి చూడటానికి బాగా అనువైన చోట ఉంది. వైశాఖ మాసంలో రాత్రి తొమ్మిది, పది గంటలకు దాదాపు నడినెత్తికి వస్తుంది. పంచాంగంలో వినే స్వాతి, చిత్ర, ఉత్తర నక్షత్రాలు మూడింటినీ గీతలతో కలిపితే పెద్ద త్రికోణం వస్తుంది. అందులో ఉత్తర నక్షత్రానికి దగ్గరగా వెతకండి. ఉత్తి కంటికి కనబడదు, చిన్న టెలిస్కోపు కావాలి. బీచ్ రోడ్డు దీపాల వెలుగులో కష్టం. భీమిలి దాటి చీకటి ఉన్న చోటికి, అమావాస్య దగ్గరి రోజుల్లో వెళ్లండి. చిన్న తెల్లటి మసక కనబడుతుంది, కర్టిస్ చూసిన గీత మాత్రం కనబడదు. దానికి ఇంకా పెద్ద టెలిస్కోపు కావాలి.

నమస్కారం.