మూతపడకముందే చూడాలి: ఇంటి పనికి డబ్బు ఎప్పుడివ్వాలి

అందరికీ నమస్కారం. ఆదివారం పూట ఇంటి పనులు మానుకుని వచ్చారు, చాలా సంతోషం. నేను ప్రభుత్వ ఇంజనీరింగ్ శాఖలో కల్వర్టులూ బడి గదులూ కట్టించి రిటైరయ్యాను. నెల్లూరులో ఈ వేదాయపాలెంలోనే నా ఇల్లు. పైన ఇంకో అంతస్తు వేసుకునేవాళ్ళూ, బాత్రూములు మార్చుకునేవాళ్ళూ మన కాలనీలో చాలామంది ఉన్నారనీ, మేస్త్రీకి డబ్బు ఎలా ఇవ్వాలో చెప్పమనీ సంఘం వాళ్ళు అడిగారు.

ముందు నా ఇంట్లో జరిగింది చెబుతాను. పన్నెండేళ్ళ కిందట పైన రెండు గదులు, ఒక బాత్రూం వేయించాను. మెటీరియల్‌తో సహా కాంట్రాక్ట్. మేస్త్రీ మంచి పనిమంతుడే. ప్రతి శనివారం "సార్, కూలీలకివ్వాలి" అనేవాడు, ఇచ్చేవాణ్ణి. ఆఫీసులో కొలతలు రాసే పుస్తకం, అదే ఎం బుక్‌లో కొలత ఎక్కందే రూపాయి బిల్లు రాయని నేను, ఇంట్లో ఒక్క కొలతా తీయలేదు. గోడలు లేచేసరికి ఒప్పుకున్న దాంట్లో ముప్పాతిక వంతు ఇచ్చేశాను. మిగిలిన పావుతో టైల్స్, పిట్టగోడ పూత, తలుపులు, అన్నీ అవ్వాలి. అతనికి గిట్టలేదు. ఇంకో పని ఒప్పుకున్నాడు. మా ఇంటికి వారానికి ఒకరోజు ఇద్దరు మనుషులొచ్చి పోయేవాళ్ళు. ఆ నవంబరు వానల్లో కింది పడగ్గది కప్పు ఒకపక్క చెమ్మ పట్టింది. వానలు తగ్గినా అది ఆరలేదు. చూస్తే పై బాత్రూం నుంచి దిగుతున్న నీళ్ళు. వేసిన టైల్స్ అన్నీ పగలగొట్టించాం. అప్పటికి మా అమ్మ ఆ గదిలోనే మంచం పట్టి ఉంది. ఆమె మంచాన్ని నలుగురం పట్టి హాల్లోకి మార్చాం. ఆ రోజు తలుచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది.

ఎంత పని అయితే అంత డబ్బివ్వాలని అందరికీ తెలుసు. అయితే మనం పనిని గోడ ఎత్తుతో కొలుస్తాం. గోడ రేపైనా కనిపిస్తుంది, వంకరగా ఉంటే రేపైనా అడగొచ్చు. కాంక్రీట్ కిందికి పోయే కమ్మి, పూత కిందికి పోయే పైపు, టైల్ కిందికి పోయే వాటర్‌ప్రూఫింగ్, మట్టి కిందికి పోయే ఎర్తింగ్ మళ్ళీ కనిపించవు. అందుకే డబ్బు వాయిదాలు వాటి దగ్గర కట్టుకోవాలి. మూసే ముందు చూడాలి. బాగుంటే అదే రోజు డబ్బివ్వాలి.

"మునిసిపాలిటీ వాళ్ళు వచ్చి చూస్తారు కదా" అని చాలామంది ధైర్యంగా ఉంటారు. పై అంతస్తుకు అనుమతి తప్పనిసరిగా తీసుకోండి, అందులో రాజీ వద్దు. పాత పునాది పైబరువు మోస్తుందో లేదో స్ట్రక్చరల్ ఇంజనీరు చూసి చెప్పాలి. కానీ కార్పొరేషన్ తనిఖీలో ప్రధానంగా చూసేది ప్లాన్ ప్రకారం కట్టారా, చుట్టూ ఖాళీ వదిలారా, ఎన్ని అంతస్తులు లేపారు అన్నది. మీ స్తంభంలో నిలువు కమ్ములను చుట్టి కట్టే రింగులు ఎంత దూరంలో కట్టారో వాళ్ళు లెక్కపెట్టరు. ఆ తనిఖీ మనమే పెట్టుకోవాలి. కాంట్రాక్టరుతో సంబంధం లేని ఇంజనీరును నాలుగైదుసార్లు పిలిపించుకోండి. ఆ ఫీజు దండగ కాదు.

ఇంకో సంగతి గమనించండి. మన రాష్ట్రంలో పెద్ద భవనాలకు అనుమతి ఇచ్చేటప్పుడు నిర్మాణంలో 10 శాతం స్థలాన్ని మునిసిపాలిటీకి తనఖా పెట్టించుకుంటారు. పని ప్లాన్ ప్రకారం పూర్తయి, ఇక భవనంలో చేరొచ్చని చెప్పే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ వచ్చాకే దాన్ని విడిపిస్తారు. ప్రభుత్వమే చూసేదాకా కొంత పట్టి ఉంచుకుంటుంటే, మనం కొంత డబ్బు ఆపుకోవడానికి మొహమాటమెందుకు?

స్లాబ్ సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. పోసే రోజు టెన్షన్‌గా ఉంటుంది. కాంక్రీట్ కలిపే మిల్లర్ వస్తుంది, కూలీలు దిగుతారు, ఆ హడావుడిలో ఎవరూ ఏమీ చూడలేరు. అందుకే ముందురోజు సాయంత్రమే చూడండి. 12 ఎం.ఎం. కమ్మి మీటరుకు సుమారు 890 గ్రాములు తూగాలి. ఒక ముక్క కోసి తూయించండి. స్తంభాలు పోసే ముందు కూడా ఇలాగే చూడాలి. కమ్మి మీద ఉండే కాంక్రీట్ మందాన్ని కవర్ అంటాం, స్తంభానికి అది 40 మిల్లీమీటర్లు; ఆ దూరం నిలిపే కవర్ బ్లాకులు ఉన్నాయో లేదో చూడండి. భూకంపం వస్తే రింగు విడిపోకుండా దాని కొన 135 డిగ్రీలు లోపలికి వంగాలి. చాలాచోట్ల 90 దగ్గరే ఆపేస్తారు. "మనకు భూకంపాలెక్కడివి సార్" అంటారు. 1967 మార్చి 27న ఒంగోలులో భూమి కంపించింది, తీవ్రత 5.4. అది మన పక్క ఊరే. సముద్రం దగ్గర, మైపాడు వైపు, కొత్తపట్నం వైపు కట్టుకునేవాళ్ళు బోరు నీళ్ళు కూడా పరీక్ష చేయించాలి. కమ్మి ఉన్న కాంక్రీటుకు వాడే లీటరు నీటిలో క్లోరైడు 500 మిల్లీగ్రాములు దాటకూడదు. ఉప్పునీళ్ళు పోస్తే కమ్మి లోపల్లోపల తుప్పుపట్టి, కొన్నేళ్ళకు పెచ్చులూడుతుంది.

పోశాక సెంట్రింగ్ త్వరగా విప్పాలని చూస్తారు, ఆ సామానుకు రోజు అద్దె కాబట్టి. స్లాబును మోసే ఆధారాల మధ్య దూరం నాలుగున్నర మీటర్ల లోపుంటే 7 రోజులు, దాటితే 14 రోజులు ముట్లు, అంటే కింద నిలబెట్టే ఊతకర్రలు, ఉండాలి. ఇప్పుడు మనం ఎక్కువగా వాడే, బూడిద కలిపిన పీపీసీ సిమెంటుకు కనీసం 10 రోజులు నీళ్ళు పట్టాలి. రోహిణీ కార్తె ఎండల్లో పోస్తే 14 రోజులు మడులు కట్టి నీళ్ళు నిలపండి. స్లాబ్ వాయిదాలో సగం పోసిన రోజు, మిగతా సగం ముట్లు విప్పి అడుగుభాగం చూశాక ఇస్తానని ముందే చెప్పండి. తేనెపట్టులా బొక్కలుంటే, కమ్మి బయటికి కనిపిస్తే, అప్పుడే తెలిసిపోతుంది.

బాత్రూం మాట నా అనుభవంతో చెబుతున్నా. టైల్స్ వెయ్యకముందు రంధ్రాలన్నీ మూసి రెండు రోజులు నీళ్ళు నిలబెట్టండి. కింది గదిలోకి వెళ్ళి కప్పు మీద చెయ్యి పెట్టి చూడండి. పొడిగా ఉంటేనే వాయిదా.

లెక్క ఎలా పంచాలంటారా? పది లక్షల పని అనుకోండి. అడ్వాన్స్ లక్షకు మించనివ్వకండి. సిమెంటు, కమ్మి మీరే కొనిచ్చే లేబర్ కాంట్రాక్టయితే అందులో సగం చాలు. చివర్లో 50 వేలు ఆపుకోండి. మధ్యలోది ఇందాక చెప్పిన మూతపడే పనుల దగ్గర పంచుకోండి. శనివారం కూలీ డబ్బు మాత్రం ఆ వాయిదాలోంచే తప్పకుండా ఇవ్వండి. కూలీల కడుపు మాడ్చి నాణ్యత అడిగే హక్కు మనకు లేదు. పని బాగుంటే సాయంత్రం దాటకుండా ఇవ్వాలి. రేపు రా, ఎల్లుండి రా అని తిప్పే యజమానులు మన కాలనీలోనూ ఉన్నారు, అది చాలా తప్పు.

కాగితం రాసుకోండి. మన నెల్లూరులో స్థలం అంకణాల్లో కొంటాం, అంకణానికి 72 చదరపు అడుగులు. మేస్త్రీ చదరపు అడుగుల్లో రేటు చెబుతాడు. ఆ అడుగుల్లో బాల్కనీ, మెట్లు, సన్‌షేడ్ కలిసాయా లేదా అన్నది రాయకపోతే చివర్లో గొడవంతా అక్కడే. అదనపు పనికి ముందే రేటు రాసి ఇద్దరూ సంతకం పెట్టండి. ఈ కాగితాలుంటే, తీరా మోసపోయినా జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్ళొచ్చు. 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో ఇంటి నిర్మాణం కూడా సేవే. రెండేళ్ళలోపు ఫిర్యాదు చెయ్యాలి.

ఆపుకున్న 50 వేలు ఎప్పుడివ్వాలని అడుగుతారు. ఆర్నెల్లని క్యాలెండర్ చూసి రాసుకోకండి. మనకు అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. 2021 నవంబరులో పెన్నా ఎలా పొంగిందో ఇక్కడున్న అందరూ చూశారు. జనవరిలో పూర్తయిన ఇంటికి జూలైలో డబ్బిచ్చేస్తే ఆ కప్పు ఒక్క పెద్ద వానా చూడలేదన్నమాట. డిసెంబరు వానలు దాటాక అని రాసుకోండి. నాలుగేళ్ళ కిందట వంటగది మీద కొత్త కప్పు వేయించినప్పుడు నేను అలాగే రాసుకున్నాను. వానలు వెలిశాక మేస్త్రీకి ఫోన్ చేశాను. వచ్చాడు. ఇద్దరం నిచ్చెనేసుకుని కప్పంతా తడిమి చూశాం. ఎక్కడా చెమ్మ లేదు. కిందికి దిగి కాఫీ తాగి, ఆపిన డబ్బు అతని చేతిలో పెట్టాను.