తలుపు వేసుకున్న గది

శ్రోతలందరికీ నమస్కారం.

మా సంఘానికి ఒక వాట్సాప్ గ్రూపు ఉంది. తెల్లవారకముందే ఆ రోజు వాగ్దాన వచనం ఒక పూల బొమ్మ మీద అందులో వచ్చి వాలుతుంది. వెనకే వరసగా ఆమేన్‌లు. పొద్దెక్కేసరికి ప్రార్థన మనవులు మొదలవుతాయి. కొన్ని నెలల కిందట ఒక రాత్రి మా సంఘంలోని ఒక చెల్లెలు, "అమ్మకు పక్షవాతం వచ్చింది, ఆసుపత్రిలో చేర్చాం, దయచేసి ప్రార్థించండి" అని రాసింది. నేనప్పుడు భోజనం చేస్తున్నాను. ఎడమచేత్తో ఫోను తీసి, జోడించిన చేతుల బొమ్మ పెట్టి, "తప్పకుండా ప్రార్థిస్తున్నానమ్మా" అని రాశాను. ఫోను పక్కన పెట్టి పెరుగన్నం కలుపుకున్నాను. ప్రార్థించలేదు. మర్నాటికి ఆ సంగతే గుర్తు లేదు.

మూడు వారాల తర్వాత, ఆదివారం ఆరాధన ముగిసి అందరూ చెప్పులు వెతుక్కుంటుంటే ఆమె నా దగ్గరికి వచ్చింది. "అన్నా, ఆ రాత్రి అందరికంటే ముందు జవాబిచ్చింది మీరే. మీరు ప్రార్థిస్తున్నారని తెలిసి మాకు ఎంతో ధైర్యం వచ్చింది" అంది. ఆ మాటకు నేనేమి బదులిచ్చానో చివర చెబుతాను.

మత్తయి సువార్త ఆరో అధ్యాయంలో యేసుప్రభువు ధర్మం చేయడం, ప్రార్థన, ఉపవాసం అనే మూడింటి గురించి మాట్లాడతాడు. మూడుసార్లూ ఒకే మాటతో హెచ్చరిస్తాడు. గ్రీకు మూలంలో ఆ మాటకు రంగస్థలం మీద నటించేవాడు అని అర్థం. మన తెలుగు బైబిలులో అది "వేషధారి" అయింది. యక్షగానాలు, వీధి భాగవతాలు చూసి పెరిగిన జాతికి ఇంతకంటే తగిన మాట దొరకదు. అయితే పూర్వం వేషం కట్టినవాడికి తెల్లవారుజామున రంగు కడుక్కునే వేళ ఒకటి ఉండేది. ముఖం తుడుచుకుని, తన ఇంటికి, తన పేరుకు తిరిగి వెళ్లేవాడు. ఇప్పుడు మన జేబులో ఉన్న రంగస్థలానికి తెర పడే వేళంటూ లేదు. నాకు భయం కలిగించేది ఇదే.

డిసెంబరు వచ్చిందంటే మన ఊళ్లలో దుప్పట్ల పంపిణీ జరుగుతుంది. మంచి పని, జరగాల్సిన పని. ఒకసారి అలాంటి చోట నేనూ ఉన్నాను. ఒక ముసలమ్మ దుప్పటి అందుకుని రెండు చేతులతో గుండెకు హత్తుకుంది. ఇచ్చినవారి వైపు తిరిగి ఏదో చెప్పబోయింది. ఇంతలో ఎవరో, "ఇటు చూడమ్మా, ఫోను వైపు చూడు" అన్నారు. ఆమె చెప్పబోయిన మాట ఆగిపోయింది. తల పైకెత్తి, ఎటు చూడమంటే అటు చూసింది. ఆ ఫొటో సాయంత్రానికి ఎన్నో ఫోన్లు తిరిగింది. ఆమె చలి, ఆమె పేదరికం ఊరందరికీ తెలిసిపోయాయి. ఆమె ఏమి చెప్పబోయిందో మాత్రం మాలో ఎవరికీ తెలియదు. ధర్మం చేసేటప్పుడు ముందు బూర ఊదించుకోవద్దని ప్రభువు చెప్పింది మన కోసం మాత్రమే కాదేమో, ఆ ముసలమ్మ కోసం కూడానేమో అని నాకు అప్పుడు తోచింది.

మరి దీపాన్ని కుంచం కింద పెట్టకూడదని ప్రభువే అన్నాడు కదా అని మీరు అడగవచ్చు. నిజమే. ఈ సాధనాలు చెడ్డవని నేను అనడం లేదు. 2020లో మందిరాల తలుపులు మూతపడినప్పుడు ఈస్టరు ఆరాధన మన ఇళ్లకు చేరింది ఈ ఫోనులోనే. కువైట్‌లో ఇళ్ల పనులు చేసుకుంటూ, సెలవు దొరకక, తమ ఊరి సంఘపు పాటలను ఫోనులో విని ఊరట పొందే తల్లులు ఎందరో ఉన్నారు. కానీ ఆ దీపపు మాటను చివరిదాకా చదవండి. మనుషులు మన సత్క్రియలు చూసి పరలోకపు తండ్రిని మహిమపరచాలని ఉంది. మన ఫొటోకు వచ్చే మెచ్చుకోళ్లు అక్కడే మన దగ్గరే ఆగిపోతున్నాయా, ఆయన దాకా వెళుతున్నాయా అన్నది ఎవరికి వారు చూసుకోవలసిన లెక్క.

మన క్రైస్తవుల వాడుకలో "సాక్ష్యం" అని ఒక మాట ఉంది. మందిరంలో లేచి నిలబడి చెప్పేదీ సాక్ష్యమే. "ఆయనకు ఊళ్లో మంచి సాక్ష్యం ఉంది" అంటే మాత్రం అది వేరే. అది మనం చెప్పుకునేది కాదు, పక్కింటివారు చెప్పేది. తెలంగాణలోని దోర్నకల్ సంగతి తీసుకోండి. 1912లో అజరయ్యగారు అక్కడ బిషప్ అయ్యారు. ఇంగ్లండు నుంచి వచ్చిన ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవి పొందిన మొదటి భారతీయుడు ఆయనే. ఆ ప్రాంతపు సంఘాల్లో ఎక్కువమంది మాల, మాదిగ పేటల కూలివారు. వారి నడవడిలో వచ్చిన మార్పు కళ్లారా చూసి, 1930ల నాటికి అవే ఊళ్ల ఇతర కులాలవారు కూడా చాలామంది ఆ సంఘంలో చేరారు. నాట్లకూ కోతలకూ రోజూ ఎదురుపడేవారి కళ్లముందు బతికిన బతుకు అది. కోపంలో ఎలా ఉంటారో, అప్పు తీరుస్తారో లేదో, భార్యతో ఎలా మాట్లాడతారో ఊరికి తెలుసు. మన స్టేటస్ చూసేవారికి అవేవీ తెలియవు. మన ఇంట్లోవారికి తెలుసు.

పొరుగువాని మీద అబద్ధ సాక్ష్యం పలకకూడదన్నది పది ఆజ్ఞలలో ఒకటి. నిజమో కాదో చూడకుండా ఒక మతంవారి మీదో ఒక మనిషి మీదో వచ్చిన సందేశాన్ని పదిమందికి పంపితే, పలికింది మన నోరు కాకపోయినా వేలు మనదే.

ప్రార్థించేటప్పుడు గదిలోకి వెళ్లి తలుపు వేసుకోమన్నాడు ప్రభువు. అక్కడ వాడిన గ్రీకు మాటకు సామాన్లు, ధాన్యం దాచుకునే లోపలి గది అనే అర్థం ఉంది. మన ఇళ్లలో కొట్టుగది లాంటిది. అతిథులను కూర్చోబెట్టే చోటు కాదు, అలంకరణ ఉండదు. ఇంటిని నడిపే గింజలు మాత్రం అక్కడే ఉంటాయి. మా అమ్మమ్మకు అలాంటి గది కూడా లేదు. తెల్లవారుజామున పొయ్యి వెలిగించకముందు, వంటింటి గోడ వైపు తిరిగి మోకరించేది. ఆమె పోయాక బైబిలు తెరిస్తే పేజీల మధ్య చిన్న చిన్న కాగితం ముక్కలు దొరికాయి. వాటి మీద పెన్సిలుతో పేర్లు. కొన్ని మా కుటుంబానివి, కొన్ని ఎవరివో మాకు ఇప్పటికీ తెలియదు.

చెప్పుల దగ్గర ఆ చెల్లెలు అలా అన్నప్పుడు ఆ కాగితాలే గుర్తుకొచ్చాయి. తల ఊపి వెళ్లిపోవడం తేలిక. కానీ నోరు పెగల్చుకుని, "అమ్మా, క్షమించు. ఆ రాత్రి నేను రాశానే గానీ ప్రార్థించలేదు" అన్నాను. ఆమె కాసేపు నా ముఖంలోకి చూసింది. కోపం వస్తుందనుకున్నాను. "అమ్మకు మాట వచ్చిందన్నా. కుడికాలు ఇంకా కదలడం లేదు. దానికోసం చేయండి" అంది.

జనం పక్కనుంచి వెళుతూనే ఉన్నారు. మేమిద్దరం అక్కడే, చెప్పుల మధ్య నిలబడి కళ్లు మూసుకున్నాం.