పాతిక మొనల స్టార్: క్యాడ్‌లో గీద్దాం, వెలిగించి చూద్దాం

అందరికీ నమస్కారం. వెనకాల కూర్చున్నోళ్లకి స్క్రీన్ కనపడుతోందా? ముందు వరస లైట్లు ఆపేయండి, చివర్లో చూపించే రెండర్లు, అంటే మోడల్‌కి వెలుగు పెట్టి కంప్యూటర్ గీసే బొమ్మలు, చీకట్లో అయితేనే సరిగ్గా తెలుస్తాయి.

ఈరోజు క్యాడ్‌లో, అంటే కంప్యూటర్‌లో డిజైన్ గీసే సాఫ్ట్‌వేర్‌లో, చెయ్యబోయేది క్రిస్మస్ స్టార్. మన వైపు డిసెంబర్ వచ్చిందంటే వెదురు బద్దలు కట్టి రంగు కాగితం అంటించి లోపల బల్బు పెట్టి గుమ్మం ముందు వేలాడదీస్తారు చూడండి, ఆ ఐదు మొనల స్టార్ కాదు. జర్మనీలో సాక్సనీ రాష్ట్రంలో హెర్న్‌హూట్ అని చిన్న ఊరుంది, మొరేవియన్ చర్చి అనే ప్రొటెస్టెంట్ క్రైస్తవ శాఖ వాళ్లది, అక్కడి స్టార్ ఇది. దీని కథ భలే ఉంటుంది. 1800ల మొదటి సగంలో అక్కడికి దగ్గర్లోనే నీస్కీ అనే ఊళ్లో వాళ్ల బోర్డింగ్ స్కూల్లో పిల్లలకి జామెట్రీ నేర్పడానికి కాగితంతో చేయించేవాళ్లు, అంటే మనం ల్యాబ్‌లో చేసే మోడల్ లాంటిదే అన్నమాట, అది కాస్తా ఇళ్లలోకి వెళ్లిపోయింది, 19వ శతాబ్దం చివరికల్లా హెర్న్‌హూట్‌లో అమ్మకానికి తయారు చెయ్యడం మొదలైంది. ఇప్పటికీ అక్కడ అడ్వెంట్ అంటే క్రిస్మస్‌కి ముందు వచ్చే నాలుగు ఆదివారాల కాలం, అందులో మొదటి ఆదివారం వేలాడదీసి జనవరి 6 దాకా ఉంచుతారు. లెక్కల క్లాసులో పుట్టింది కాబట్టి క్యాడ్‌కి ఇంతకంటే మంచి ఐటెం దొరకదని నా ఫీలింగ్.

మొనలు చూసి భయపడకండి, అసలు పనంతా మధ్యలో ఉన్న గుండులో ఉంది. దాని పేరు రాంబిక్యూబాక్టాహెడ్రన్. పేరు నోరు తిరగదు, వదిలేయండి, గుర్తు పెట్టుకోవాల్సింది దానికి 26 ముఖాలు ఉంటాయని, 18 చతురస్రాలు 8 త్రిభుజాలు, అన్ని అంచులూ ఒకటే పొడవు. పైన ఉన్న ఒక చతురస్రాన్ని వైరు కోసం వదిలేసి మిగతా పాతిక ముఖాల మీద పాతిక మొనలు. నడుం చుట్టూ 8, దాని పైన ఏటవాలుగా 4, కింద 4, అడుగున 1, ఇవి 17 చతురస్ర మొనలు, మధ్య సందుల్లో పైన 4 కింద 4 త్రిభుజ మొనలు.

దీన్ని గియ్యడానికి నేను ఫ్రీక్యాడ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వాడతా, మీ కాలేజీలో ఏది ఉంటే అది వాడుకోండి, పద్ధతి ఒకటే. అంచు పొడవు 30 మి.మీ. అనుకుందాం. ముందు ఒక క్యూబ్ తీసుకోండి, దాని సైజు 30 ఇంటూ 1 ప్లస్ రూట్ 2, అంటే 72.4. ఆ 12 అంచులకీ 21.2 చాంఫర్ కొట్టండి, అంటే అంచుని ఏటవాలుగా కోసేయండి. ఇక్కడ చూడండి, కొన్ని సాఫ్ట్‌వేర్లు మూలని తమంతట తామే త్రిభుజంగా కోసేస్తాయి, కొన్నిట్లో మూడు చాంఫర్లూ వెళ్లి మూల దగ్గర ఒక మొనలాగా కలుస్తాయి, అలా వస్తే కంగారు పడొద్దు, క్యూబ్ మూడు ముఖాల మీద మిగిలిన చతురస్రాల మూలలు ఉంటాయి కదా, ఆ మూడు పాయింట్ల గుండా ఒక ప్లేన్ వేసి పైన ఉన్న ముక్క కట్ చేసేయడమే. 6 పాత ముఖాలు, 12 చాంఫర్లు, 8 మూలలు, మొత్తం 26 అయిపోయింది.

72.4 అని, 21.2 అని నేను నోటితో చెప్తున్నాగానీ ఫైల్లో మాత్రం అంకెలు టైప్ చెయ్యొద్దు దయచేసి. స్ప్రెడ్‌షీట్ పెట్టి అంచు అని ఒక పేరు ఇచ్చి మిగతావన్నీ దాని మీద ఫార్ములాలు రాయండి. రేపు ఎవరో వచ్చి కాస్త పెద్దది కావాలి అంటే ఒక్క అంకె మార్చితే చాలు. అయితే ఫ్రీక్యాడ్‌లో పాత జబ్బు ఒకటుంది, అంచులూ ముఖాలకి అది లోపల నంబర్లు ఇచ్చుకుంటుంది, మోడల్ మారినప్పుడు ఆ నంబర్లు తారుమారై ఒక ముఖం మీద ఉండాల్సిన మొన ఇంకో ముఖం మీదకి ఎగిరి కూర్చునేది, 2024 నవంబర్‌లో వచ్చిన 1.0లో దీన్ని చాలావరకు సర్దారు. అయినా నేను మాత్రం స్కెచ్‌లని ముఖానికి అతికించకుండా విడిగా డేటమ్ ప్లేన్లు, అంటే మనమే వేసుకునే ఊహా తలాల మీదే పెట్టమంటా, నిద్ర సుఖం.

మొనల సంగతి. ఎత్తు 90 పెట్టుకుందాం. స్కెచ్‌ని పైకి లాగే ఎక్స్‌ట్రూడ్‌కి టేపర్ యాంగిల్, అంటే పైకి వెళ్లేకొద్దీ సన్నబడే కోణం, ఇచ్చి చెయ్యొచ్చు, కానీ చతురస్రానికి 9.5 డిగ్రీలు, త్రిభుజానికి 5.5 డిగ్రీలు వస్తాయి, రెండూ లెక్క కట్టుకోవాలి, దానికంటే రెండు ఆకారాల్ని కలిపే లాఫ్ట్ తీసుకుని కింద స్కెచ్, పైన ఒక పాయింట్ ఇచ్చేస్తే గొడవ ఉండదు. ఇంకో సూక్ష్మం ఉంది, ఇది చాలామంది పట్టించుకోరు. గుండు మధ్య నుంచి చతురస్ర ముఖం 36.2 దూరంలో ఉంటే త్రిభుజ ముఖం 38.2 దూరంలో ఉంటుంది. అన్ని మొనలకీ 90 ఇచ్చేస్తే త్రిభుజాలవి 2 మి.మీ. బయటికి పొడుచుకొస్తాయి. ఎనిమిదే కదా ఎవరు చూస్తారులే అనుకోవచ్చు, గోడ మీద నీడ పడినప్పుడు తెలిసిపోతుంది, ఏదో తేడాగా ఉందే అనిపిస్తుంది, ఏంటో చెప్పలేం. త్రిభుజాలకి 88 ఇవ్వండి, మొనలన్నీ ఒకే గోళం మీదకి వస్తాయి.

3డీ ప్రింట్‌కి మొనలు విడివిడిగానే వెయ్యండి, అడుగు కిందకి పెట్టి నిలబెడితే గోడలు దాదాపు నిటారుగా ఉంటాయి కాబట్టి సపోర్ట్ అక్కర్లేదు. కాకపోతే పైకి వెళ్లేకొద్దీ లేయర్ మరీ చిన్నదైపోయి ప్లాస్టిక్ చల్లారేలోపే ప్లాస్టిక్ పోసే నాజిల్ మళ్లీ వచ్చేస్తుంది, మొన కరిగి ముద్దలా తయారవుద్ది, అందుకే నాలుగైదు కలిపి ఒకేసారి వేస్తే ఒకటి వేసేలోపు ఇంకోటి చల్లారుతుంది. గుండుని రెండు సగాలుగా కోసి ప్రతి ముఖానికి 3 మి.మీ. అంచు వదిలి మధ్యలో కన్నం పెట్టండి, లేకపోతే బల్బు వెలుగు మొనల్లోకి ఎక్కడ నుంచి వెళ్తుంది?

ఇప్పుడు రెండరింగ్. ఇన్‌స్టాలో పెట్టుకోడానికి మంచి ఫొటో వస్తుంది నిజమే, కానీ నేనైతే దీన్ని ప్రింట్‌కి ముందు చేసే చెకప్ అంటా. మోడల్‌ని ఎస్టీఎల్ అనే ఫైల్‌గా తీసి రెండరింగ్ చేసే బ్లెండర్ సాఫ్ట్‌వేర్‌లోకి తెచ్చుకోండి. ఎస్టీఎల్‌లో యూనిట్లు ఉండవు, మన మి.మీ.ని బ్లెండర్ మీటర్లు అనుకుంటుంది, 252 మి.మీ. స్టార్ 252 మీటర్ల స్టార్ అయి కూర్చుంటుంది, చూడ్డానికి బానే ఉంటుంది, బల్బు పెట్టగానే తెలుస్తుంది, ఎన్ని వాట్లు ఇచ్చినా చీకటే. ఇంపోర్ట్‌లోనే స్కేల్ 0.001 ఇచ్చేయండి. మెటీరియల్‌కి వెలుగుని అవతలికి పోనిచ్చే ట్రాన్స్‌లూసెంట్ షేడర్, మామూలు ఉపరితలం చూపించే డిఫ్యూజ్ రెండూ కలపండి, లోపల పాయింట్ లైట్, రంగు బ్లాక్‌బాడీ నోడ్‌తో 2700 కెల్విన్, అదే మనింట్లో పసుపు బల్బు రంగు. ప్రింటయ్యే స్టార్‌కి కత్తిలాంటి అంచులు ఉండవు కాబట్టి 0.3 మి.మీ. బెవెల్ ఇచ్చి అంచులు కాస్త గుండ్రం చెయ్యండి, అప్పుడే అంచుల మీద సన్నగా మెరుపు వస్తుంది. వెనకాల నలుపు మాత్రం పెట్టకండి, సాయంత్రం ఆకాశం లాంటి ముదురు నీలం పెడితే పసుపు పండుతుంది.

ఇదిగో, ఈ మొదటి రెండర్ చూడండి. మొనల చివర నల్లగా ఉంది కనపడుతోందా? మొనల్ని బోలుగా చేసి గోడ 1.2 మి.మీ. పెట్టాం, మొన సన్నబడేకొద్దీ రెండువైపుల గోడలూ లోపల కలిసిపోతాయి, లెక్క కడితే చతురస్ర మొనల్లో చివరి 7 మి.మీ. బోలుగా లేదు, గట్టి ప్లాస్టిక్. దానికి తోడు బల్బు నుంచి మొన చివర దూరం, మొన మొదలుకంటే మూడున్నర రెట్లు, వెలుగు పన్నెండో వంతుకి పడిపోతుంది. గోడ 0.8కి తగ్గించండి, 0.4 నాజిల్‌కి రెండు గీతలు, వాటిలో నల్ల భాగం 5 మి.మీ.కి తగ్గిపోతుంది, ఇదీ రెండో రెండర్, తేడా చూశారుగా. ఇదే సంగతి ప్రింట్ చేశాక తెలిస్తే పాతిక మొనలు చెత్తబుట్టకే.

బల్బు గురించి ఒక్కమాట, ఎల్‌ఈడీ మాత్రమే. ప్రింట్‌కి మామూలుగా వాడే పీఎల్‌ఏ ప్లాస్టిక్ 60 డిగ్రీల దగ్గరే మెత్తబడిపోతుంది, పాత ఫిలమెంట్ బల్బు పెడితే రాత్రికల్లా మొనలు వంగిపోతాయి. ఎండ తగిలే చోట కట్టేటట్లయితే పీఈటీజీ అనే ప్లాస్టిక్ వాడండి, అది 80 దాకా తట్టుకుంటుంది. ప్రింటర్ లేనోళ్లు మొనలని అన్‌ఫోల్డ్ చేసి, అంటే విప్పి పరిచి, దళసరి కాగితం మీద ప్రింట్ తీసి మడిచి అంటించుకోండి, చతురస్ర మొనకి ఏటవాలు అంచు 92.5 వస్తుంది, అసలు స్టార్ పుట్టింది కూడా కాగితంతోనే.

ఇప్పుడు మీ సిస్టంలో ఫైల్ తెరిచి స్ప్రెడ్‌షీట్‌లో అంచు 30 తీసేసి 12 కొట్టండి, మొనల ఎత్తు కూడా అదే లెక్కలో తగ్గుతుంది, చెట్టుకి కట్టుకునే సైజు. గోడ మందం మాత్రం అంచుతో పాటు తగ్గకూడదు, 0.8 కంటే పల్చగా వేస్తే నిలబడదు, మరి అప్పుడు మొనలో బోలు ఎంత మిగులుతుందో రెండర్ చేసి చెప్పండి, పది నిమిషాలు టైం.