గీతల మధ్య ఖాళీ

మాస్టార్లకూ టీచరమ్మలకూ నమస్కారం.

మూడో తరగతి పిల్లాడి చేతికి విరిగిన స్కేలు ముక్క ఒకటి ఇవ్వండి. దాని మీద సున్నా ఉండకూడదు. 3 నుంచి 12 దాకా ఉంటే చాలు. పెన్సిలు ఒక కొస 3 దగ్గర పెట్టించండి. రెండో కొస 10 దగ్గర ఆగిందనుకుందాం. పొడవెంతరా అంటే కొందరు 10 అంటారు. కొందరు 3, 4, 5 అని వేలు పెట్టి లెక్కపెట్టుకుంటూ పోయి 8 అంటారు. పదన్నవాడు అంకె చదివాడు. ఎనిమిదన్నవాడు గీతలు లెక్కపెట్టాడు. కొలత ఉన్నది గీతల మధ్య ఖాళీలో, అవి ఏడు. ఈ సంగతి పట్టుబడకుండా సెంటీమీటర్లను మీటర్లలోకి మార్చే లెక్కలు చేయించడం దండగండీ.

అందుకే స్కేలు కంటే ముందు జాన. బెంచీ ఎన్ని జానలుంటుందో ముందు అంచనా చెప్పించి బోర్డు మీద రాయండి, తరవాతే కొలిపించండి. ఇక్కడ తప్పు రెండు రకాలుగా వస్తుంది: జానకీ జానకీ మధ్య సందు వదిలేస్తారు, లేదా ఒకదాని మీదికి ఇంకోటి ఎక్కిస్తారు. వేలు ఆనినచోటల్లా సుద్దతో గీత పెట్టిస్తే రెండూ బయటపడతాయి. అదే బెంచీ ఒకరికి 9, ఇంకొకరికి 11 వస్తే తగువులాడుకోనివ్వండి. ఎవరి జాన లెక్క అన్న ప్రశ్న వాళ్ల నోటే రావాలి. అప్పుడు 10 సెంటీమీటర్ల అట్టముక్కలు పది అంటించి తరగతికో మీటరు పట్టీ చేయించండి.

వరండా కొలవడానికి కొబ్బరితాడు వద్దు, లాగేకొద్దీ సాగుతుంది. ఇనప టేపు వాడండి. దాని కొసనున్న కొక్కెం కాస్త ఆడుతుంది, వదులైందని సుత్తితో బిగించేస్తుంటారు. అది కావాలనే అలా పెట్టింది. అంచుకు తగిలించి లాగినా, గోడకు ఆనించి నొక్కినా, కొక్కెం మందం మేర జరిగి కొలత సరిపోతుంది.

మధ్యాహ్న భోజనం బియ్యం మంచి పాఠం. ప్రైమరీ పిల్లలకు తలకు 100 గ్రాములు. 24 మంది వస్తే ఎన్ని కిలోలో వంటావిడకు పిల్లలే చెప్పాలి. ఒకే గ్లాసుతో ఒకసారి బియ్యం, ఒకసారి మరమరాలు పోసి కాటా వేయిస్తే, నిండుదనం వేరు, బరువు వేరు అని వేరే చెప్పక్కర్లేదు. గ్లాసును తట్టి పోస్తే ఎక్కువ పడుతుంది. కాబట్టి తట్టకుండా పోసి, పైన చేత్తో చదును చేయడం ముందే ఖాయం చేసుకోండి.

మన పిల్లలకు వరదల రోజుల్లో రోజూ చెవిన పడే కొలత ఒకటుంది. ధవళేశ్వరం దగ్గర గోదావరి నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది. ఈ 11.75ను పదకొండు అడుగుల డెబ్బై అయిదు అంగుళాలు అనుకోవడానికి బాగా ఆస్కారముంది. అడుగు పొడవు కాగితం పట్టీని నాలుగు మడతలు పెట్టించండి. మూడు మడతలే ఆ 0.75, అంటే 9 అంగుళాలు. పెద్ద తరగతివాళ్లకు ఇక్కడి నుంచే దశాంశాలు ఎత్తుకోవచ్చు. సెకనుకు ఎన్ని ఘనపుటడుగుల నీరు పారుతుందో చెప్పే క్యూసెక్కుల జోలికి మాత్రం ఐదో తరగతి దాకా పోకండి.