పదమూడు ఆటలు, ఒక్క గెలుపూ లేదు

[తెరపై: 0–13]

2003లో వెస్ట్ పాయింట్ జట్టు ‘ఆర్మీ’ చిట్టా ఇది. అమెరికా సైన్యానికి అధికారులను తయారుచేసే కళాశాల అది. అగ్రశ్రేణి కళాశాల అమెరికన్ ఫుట్‌బాల్‌లో (బంతిని చేత్తో పట్టుకుని పరుగెత్తే ఆట ఇది) ఒకే సీజన్‌లో 13 ఆటలూ ఓడిన జట్టు అంతకుముందు లేదు. 1944 నుంచి మూడేళ్లపాటు ఓటమే ఎరగని జట్టు మరి!

ఎందుకిలా? వెంటనే వినిపించే జవాబు ఒకటుంది. చదువయ్యాక అయిదేళ్లు సైన్యంలో పనిచేయాలి కాబట్టి, ప్రొఫెషనల్ లీగ్‌పై కన్నున్న కుర్రాళ్లు ఇటు రారు. భారీకాయులూ అరుదే. ఆడేటప్పుడు ఎంత పెరిగినా, అధికారి అయ్యేనాటికి సైన్యం పెట్టిన బరువుకు దిగాల్సిందే.

నిజమే. కానీ నౌకాదళ కళాశాల నేవీకీ ఇవే కష్టాలు. అదే ఏడాది నేవీ 8 ఆటలు గెలిచింది!

తేడా ఆడే తీరులో ఉంది. నేవీది ట్రిపుల్ ఆప్షన్, అంటే బంతిని మూడు దారుల్లో ఏదో ఒకదాంట్లో పంపే ఎత్తు.

[తెరపై: మైదానం బొమ్మ, ఎదుటి వరుస చివర ఎర్ర చుక్క]

ఈ ఎర్ర చుక్క ఎదుటి జట్టులోని బలశాలి. అతణ్ణి ఎవరూ అడ్డుకోరు, కావాలనే వదిలేస్తారు. బంతి అందుకుని ఆట నడిపే క్వార్టర్‌బ్యాక్ చూపంతా అతని మీదే. ఆ బలశాలి కదలకుండా ఉంటే, తన జట్టులో మధ్యలోంచి దూసుకుపోయే ఆటగాడు ఫుల్‌బ్యాక్ పొట్టకు బంతి ఆనించి వదిలేస్తాడు. బలశాలి లోపలికి దూకాడా, క్వార్టర్‌బ్యాక్ బంతి వెనక్కి లాక్కుని తనే పక్కకు పరుగెత్తుతాడు. అక్కడ ఇంకొకడు ఎదురైతే పక్కవాడికి విసిరేస్తాడు. అంతటి బలశాలినీ ఎవరూ ముట్టుకోకుండానే ఆటలోంచి తప్పించారు, చూశారా? బక్కవాళ్ల కోసమే పుట్టినట్టుండే ఎత్తు ఇది.

ఆర్మీకి ఇది కొత్తా అంటే కాదు. 1984లో కోచ్ జిమ్ యంగ్ ఇలాంటి ఆటతోనే జట్టును లేపారు. 1996లో ఆర్మీ 10 ఆటలు గెలిచింది. 2000లో వచ్చిన కోచ్ టాడ్ బెర్రీ దాన్ని పక్కనపెట్టి, బంతిని దూరంగా విసిరే ఆట ఎంచుకున్నారు. పెద్ద జట్లను వాటి ఆటలోనే ఓడించాలనుకోవడం, నా దృష్టిలో, చేజేతులా తెచ్చుకున్న చేటు. 2003లో ఆరు ఓటముల తర్వాత ఆయన్ను తొలగించారు. మిగతా ఏడూ పోయాయి. చివరిది నేవీ చేతిలో, 34–6.

[తెరపై: రెండు జట్లూ టోపీలు తీసి పక్కపక్కనే]

ఆర్మీ–నేవీ పోటీ ముగియగానే ఇద్దరూ కలిసి ముందు ఓడినవారి కళాశాల గీతానికి, తర్వాత గెలిచినవారి గీతానికి నిలబడతారు. 2002 నుంచి 2015 వరకు వరుసగా 14 ఏళ్లు ఆర్మీ గీతమే ముందు వినిపించింది. 2016లో 21–17తో నేవీని ఓడించిన రోజు ఆర్మీ ఆడింది ఆ పాత ట్రిపుల్ ఆప్షనే.