కాలి కణుపులు లెక్కపెడితే తెలిసే కందిరీగలు

శ్రోతలకు నమస్కారం.

గుంటూరు, తెనాలి వైపు వరి నారుమడిలో దిగి ఆకు కొనలు చూడండి. అక్కడక్కడా లేత గోధుమ రంగు నూగు కప్పుకున్న చిన్న ముద్ద కనిపిస్తుంది. అది కాండం తొలిచే పురుగు పెట్టిన గుడ్ల కుప్ప. ముందు మొవ్వు ఎండబెట్టి, ఆనక తెల్లకంకి తెప్పించేది ఈ పురుగే.

ఆ కొనను తుంచి గాజుసీసాలో వేసి, మూతికి దూది కుక్కి కొన్నాళ్లు ఉంచండి. కొన్ని కుప్పల్లోంచి నల్లతల పురుగు పిల్లలు దిగుతాయి. కొన్నింట్లోంచి మాత్రం రెక్కలున్న నలుసులు బయటికొస్తాయి. అవి కందిరీగలే. మనల్ని కుట్టవు. పురుగు గుడ్డులో తమ గుడ్డు పెట్టి, లోపలి సరుకంతా తమ పిల్లకే మేపుతాయి. వ్యవసాయ శాఖ వాళ్లు వీటిని బదనికలంటారు.

చిక్కేమిటంటే, ఒకే కుప్పలోంచి మూడు వేర్వేరు కుటుంబాలవి రావచ్చు. మామూలు కంటికి అన్నీ ఒకటే. మైక్రోస్కోప్ కింద పెట్టి పాదం కణుపులు లెక్కపెట్టాలి. ఐదుంటే టెలినోమస్. నాలుగుంటే టెట్రాస్టికస్, ఇది నీలి ఆకుపచ్చగా మెరుస్తుంది కూడా. మూడే ఉంటే ట్రైకోగ్రామా కుటుంబం. ఈ ఒక్క కుటుంబంలోనే 800కు పైగా జాతులున్నాయి. వీటిలో మెగాఫ్రాగ్మా అని ఒకటుంది, మిల్లీమీటరులో ఐదో వంతు. పెద్దదయ్యేసరికి దాని మెదడు కణాల్లో చాలావాటికి కేంద్రకమే మిగలదు. అంత బుల్లి తలలో చోటుండాలి కదా మరి! అది పెరిగేది తామర పురుగుల గుడ్లలో. ఆ పురుగుల సంగతి మన మిర్చి రైతులకు నేను చెప్పక్కర్లేదు.

కుటుంబం తేలినా జాతి తేల్చడం అంత తేలిక కాదు. ట్రైకోగ్రామా జాతులు రంగులో, రూపంలో ఒకదాన్నొకటి పోలి ఉంటాయి. పైగా ఎండకీ చలికీ రంగు మారుతుంది. మగదాని జననాంగం ఆకారం చూసి జాతి చెప్పొచ్చని 1971లో వివరంగా చూపించినవాళ్లలో మనవాళ్లే, సుధా నాగర్‌కట్టి, హెచ్. నాగరాజ ముఖ్యులు. దాంతో అర మిల్లీమీటరు పురుగును స్లైడ్ మీద సరిగ్గా పరిచి చూడటం ఈ పనిలో తప్పనిసరైంది. కానీ కొన్నింటి ఒంట్లో వోల్బాకియా అనే బ్యాక్టీరియా చేరితే మగవి లేకుండా ఆడవే పుట్టుకొస్తుంటాయి. అప్పుడు ఎవర్ని చూసి చెబుతాం? డీఎన్‌ఏ చూడాల్సిందే.

ఇంత తంటా రైతుకెందుకంటారా? వరిలో కాండం తొలిచే పురుగుకు వదిలేది ట్రైకోగ్రామా జపానికమ్, ఆకుముడతకు కిలోనిస్. ఈ కందిరీగల్ని పొలంలో వదలడానికి అమ్మే కార్డు కొనేటప్పుడు ఏ జాతో అడగండి. బియ్యానికి పట్టే రెక్కల పురుగు గుడ్లు అంటించిన ఆ కార్డులో గుడ్లు నల్లబడి ఉంటేనే లోపల కందిరీగ పెరుగుతున్నట్టు. కార్డు కట్టాక రెండు రోజులకే మందు కొడితే డబ్బు నీళ్లపాలే.

నాట్లకు ముందు తుంచిన నారు కొనల్ని కూడా వెంటనే తగలబెట్టకండి. చిల్లుల బుట్టలో వేసి, కాస్త కిరసనాయిలు కలిపిన నీళ్ల పళ్లెం మధ్యన ఎత్తుగా నిలబెట్టి గట్టు మీద ఉంచండి. పాకే పిల్లపురుగు ఆ నీళ్లలో పడుతుంది, కందిరీగ ఎగిరి మళ్లీ మీ మడిలోకే పోతుంది.

నమస్కారం.