తుఫాను పోయాక మొదలయ్యే అప్పు

అందరికీ నమస్కారమండి. గాజువాక, పెదగంట్యాడ వైపు నుంచి షాపులవాళ్ళు, డ్వాక్రా అక్కచెల్లెళ్ళు చాలామంది వచ్చారు కాబట్టి పెద్ద పెద్ద థియరీలు వద్దు, మన గల్లాపెట్టె దగ్గర్నుంచే మాట్లాడుకుందాం.

2014 అక్టోబర్ 12 ఆదివారం, హుద్‌హుద్ తుఫాను. మన విశాఖలో ఎవరికీ చెప్పక్కర్లేదు. గంటకి 180 కిలోమీటర్ల గాలి, ఎయిర్‌పోర్ట్ పైకప్పు కూడా ఎగిరిపోయింది, రాష్ట్రం లెక్కలో నష్టం 21 వేల కోట్ల పైమాటే, రెండు రోజులకి ప్రధాని వచ్చి తక్షణ సాయంగా వెయ్యి కోట్లు ప్రకటించారు. కానీ నాకు ఆ గాలి కంటే తర్వాతి రోజులే ఎక్కువ భయం. కరెంట్ లేదు, ఏటీఎంలు లేవు, ఫోన్లు లేవు. జీతం ఉన్నోళ్ళకి ఒకటో తారీఖున జీతం పడింది, టిఫిన్ బండి పెట్టుకున్నామెకి మాత్రం గ్రైండర్ పాడై, బేరం పోయి, ఇంట్లో ఖర్చు మాత్రం ఆగలేదు. పాడేరు వైపు ఇంకా ఘోరం, నీడకోసం పెంచిన సిల్వర్ ఓక్ చెట్లు విరిగి కాఫీ మొక్కల మీదే పడ్డాయి, కొత్త కాఫీ మొక్క కాపుకి రావాలంటే మూడు నాలుగేళ్ళు, అన్నాళ్ళూ ఆ గిరిజన కుటుంబం ఏం తింటుందండీ?

అప్పుడే డైలీ ఫైనాన్స్ వాడు గుమ్మంలోకొస్తాడు. పదివేలు అప్పంటాడు, చేతిలో 8,500 పెడతాడు, రోజుకి వంద చొప్పున వంద రోజులు కట్టమంటాడు. 1,500 వడ్డీయే కదా అనిపిస్తుంది. కాదమ్మా, మొదటి రోజు నుంచే తిరిగి కట్టేస్తున్నాం కాబట్టి సంవత్సరానికి లెక్కేస్తే నూటికి నూరు రూపాయల పైనే పడుతుంది. తుఫాను ఒక్క రోజే కొట్టింది, ఈ వడ్డీ మాత్రం రోజూ కొడుతుంది. కుటుంబాలు చితికేది ఇక్కడే అని నేను గట్టిగా నమ్ముతున్నాను.

ప్రభుత్వ సాయం వస్తుంది, కాదనను. ఎస్‌డీఆర్‌ఎఫ్ అంటే రాష్ట్ర విపత్తు సహాయ నిధి, అందులో మన రాష్ట్రానికి కేంద్రం వాటా 75 శాతం, రాష్ట్రానిది 25. ఆ నిధిలో బోట్లకి, వలలకి, మగ్గాలకి, పశువులకి లెక్క ఉంది గానీ షాపులో తడిసిన సరుకుకి లేదు. 2024లో విజయవాడ వరదలప్పుడు చిన్న షాపులకి రాష్ట్రం విడిగా 25 వేలు ఇచ్చింది, మంచిదే, కానీ ప్రతిసారీ ఇస్తారని కూర్చోలేం కదా.

అందుకే ముందు బ్యాంకుకి వెళ్ళండి. విపత్తు వచ్చిన ప్రాంతంలో ఉన్న లోన్‌కి గడువు పెంచడం, కొన్నాళ్ళు కిస్తీలు ఆపడం ఆర్‌బీఐ నిబంధనల్లో ఎప్పట్నుంచో ఉంది, పంట దెబ్బతిన్నా అడగొచ్చు. కిస్తీలు తప్పి ఖాతా పాడయ్యేదాకా ఆగొద్దు, ముందే రాతపూర్వకంగా అడగండి, అర్జీ అందినట్టు ఎక్‌నాలెడ్జ్‌మెంట్ తీసుకోండి.

ఇక ఇన్సూరెన్స్, ఇది కాస్త శ్రద్ధగా వినాలి. షాపులో పది లక్షల సరుకుంది, ప్రీమియం తగ్గుతుందని ఐదు లక్షలకే పాలసీ చేశారు. తుఫానులో నాలుగు లక్షల సరుకు పోయింది. నాలుగూ వస్తుందనుకుంటాం, రాదు, సగానికే కట్టారు కాబట్టి సగమే, అంటే రెండు లక్షలు. 2021 ఏప్రిల్ నుంచి వచ్చిన భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష అనే చిన్న వ్యాపారాల పాలసీలో 15 శాతం వరకూ తక్కువ చూపించినా పట్టించుకోరు, అంతకు మించి వదలరు. ఇంకోటి, లోన్ మీద బ్యాంకువాళ్ళే పాలసీ తీసి ప్రీమియం ఖాతాలో కోసుకుంటారు, చాలామంది ఆ కాగితం ఒక్కసారి కూడా చూడరు. షాపు మారినా అందులో పాత అడ్రసే ఉంటే క్లెయిమ్ ఇబ్బందే. ఈ వారమే తీసి చూడండి, తుఫాను, వరద కవర్ అవుతున్నాయా, అడ్రస్ సరిగ్గా ఉందా అని.

స్టాక్ రిజిస్టరు, బిల్లులు ఫోన్‌లో ఫొటో తీసి ఊళ్ళో లేని పిల్లలకి కూడా పంపేయండి. తడిసిన సరుకు సర్వేయర్, అంటే నష్టం లెక్కేయడానికి ఇన్సూరెన్స్ కంపెనీ పంపే మనిషి, చూసేదాకా పారేయొద్దు, వాసనొస్తున్నా సరే, కనీసం ఫొటోలు, వీడియోలు తీసి కంపెనీకి చెప్పాకే తీయండి.

పాలసీ కాగితాలు తెచ్చినవాళ్ళు ఇక్కడే ఉండండి, ఒక్కొక్కరివీ కలిసి చూద్దాం, అనుమానాలుంటే మొహమాటపడకుండా అడగండమ్మా.